మొండి ఫిల్టరు

పాల బండి ఆగిపోయింది

తెల్లవారుజామున నాలుగు గంటలు. ఊరు ఇంకా నిద్ర లేవలేదు. ఒక ఇంటి ముందు మోటారు సైకిలు స్టార్టయింది. బండికి అటొక క్యాను, ఇటొక క్యాను. నడిపేది ఒక ఆడమనిషి. ఊళ్లో అందరూ ఆమెను పాలక్క అంటారు.

పాలక్క భర్త హైదరాబాదులో బేల్దారి పనికి వెళ్లాడు. పండక్కీ పబ్బానికీ వస్తాడు. ఇరవై ఇళ్లలో పాలు పోగు చేసి, ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పాల కేంద్రానికి చేర్చడం పాలక్క పని. పొద్దు ఎక్కితే కేంద్రం మూసేస్తారు. పాలు విరిగిపోతాయి. ఇరవై ఇళ్ల వాళ్లకు ఆ రోజు డబ్బు రాదు.

ఆ రోజు సగం దూరం వెళ్లేసరికి ఇంజనులో టకటక మని చప్పుడు మొదలైంది. కాసేపటికి బండి గుంజినట్టయి ఆగిపోయింది. పాలక్క కిక్కు కొట్టబోయింది. కిక్కు రాడ్డు కిందికి దిగలేదు. కాలితో ఎంత తొక్కినా కదల్లేదు.

బండిని ఆటోలో వేసుకుని మండల కేంద్రంలోని మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయింది. షెడ్డు మేస్త్రి పెద్దాయన. ఇంజను కింద చూశాడు. నల్లటి ఆయిల్ మరకలు కనిపించాయి.

"ఇంజన్లో చుక్క ఆయిల్ లేదమ్మా. పిస్టను పట్టేసింది. కిందటిసారి ఆయిల్ ఎవరు మార్చారు?" అని అడిగాడు.

"మా మరిది మార్చాడు బాబాయ్. ఫిల్టరు మూత బోల్టులు ఊడి రాలేదు. పానాకు ఇనప పైపు తగిలించి తిప్పాడు. మళ్లీ వదులు కాకూడదని బిగించేటప్పుడు కూడా పైపుతోనే బిగించాడు" అంది పాలక్క.

"అక్కడే తప్పు జరిగింది. ఒక బోల్టు మర పోయింది. ఆ సందులోంచి ఆయిలంతా కారిపోయింది."

ఇంజను విప్పారు. బోరు చేయించారు. కొత్త పిస్టను వేశారు. రెండు నెలల పాల డబ్బు ఆ ఖర్చుకే పోయింది.

డబ్బు కట్టేటప్పుడు పాలక్క అడిగింది. "బాబాయ్, ఇక మీద ఆయిల్ నేనే మార్చుకుంటా. నాకు నేర్పిస్తారా?"

షెడ్డులో పనిచేసే కుర్రాడు నవ్వాడు. "బిగుసుకున్న ఫిల్టరు ఊడదీయడమంటే బలం కావాలక్కా. ఆడాళ్ల వల్ల ఏమవుద్ది?"

మేస్త్రి వాడి వంక చూశాడు. "బలం ఉన్న మరిదే కదరా ఇంజను పాడు చేసింది!" అన్నాడు.

మేస్త్రి చెప్పిన ఆ పద్ధతి ఏమిటో తెలుసుకుందాం.

ఇంజనుకు ఆయిల్ ఎందుకు?

ఇంజను లోపల పిస్టను ఉంటుంది. అది నిమిషానికి కొన్ని వేల సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. లోహం లోహంతో రాసుకుంటే వేడి పుడుతుంది. అరుగుతుంది. చివరికి అతుక్కుపోతుంది. ఆయిల్ ఆ రెండింటి మధ్య పలచని పొరలాగా నిలబడుతుంది. దోసె పెనం మీద నూనె రాయకపోతే దోసె అంటుకుపోదా? ఇదీ అలాంటిదే.

ఆయిల్ ఇంకో పని కూడా చేస్తుంది. లోపల పుట్టిన వేడిని కొంత తీసుకుపోతుంది. అరుగుడు వల్ల వచ్చే ఇనప పొడినీ, మసినీ కడిగి తనతో మోసుకుపోతుంది. అందుకే కొత్త ఆయిల్ తేనె రంగులో ఉంటుంది. వాడిన ఆయిల్ నల్లగా ఉంటుంది.

ఆ మురికిని ఎక్కడో ఒకచోట ఆపాలి. లేకపోతే అదే ఇనప పొడి మళ్లీ మళ్లీ తిరిగి ఇంజనును గీరేస్తుంది. మురికిని ఆపేదే ఫిల్టరు. ఇంట్లో టీ వడపోత ఎలాంటిదో ఇంజనుకు ఫిల్టరు అలాంటిది.

మొదట్లో వచ్చిన మోటారు బండ్లకు మంచి ఫిల్టరు ఉండేది కాదు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు ఆయిల్ ఫిల్టరును తయారు చేశారు. దానికి ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. అప్పటినుంచి ఇంజన్లు ఎక్కువ కాలం మన్నడం మొదలైంది.

ఫిల్టర్లు మూడు రకాలు

ఒకటి, జాలీ ఫిల్టరు. సన్నటి తీగల జల్లెడ. మన ఊళ్లలో తిరిగే 100 సీసీ బళ్లు చాలావాటికి ఇదే ఉంటుంది. దీన్ని మార్చరు. కడిగి మళ్లీ పెడతారు. ఇది ఇంజను మూత లోపల ఉంటుంది. కాబట్టి షెడ్డులోనే కడిగించుకోవాలి.

రెండు, కాగితం ఫిల్టరు. మడతలు మడతలుగా ఉన్న గట్టి కాగితాన్ని చిన్న గొట్టంలాగా చుట్టి చేస్తారు. ఇంజను పక్కన ఒక చిన్న మూత కింద ఇది ఉంటుంది. మూతకు చిన్న బోల్టులు ఉంటాయి. పాలక్క బండికి ఉన్నది ఇదే. దీన్ని కడగకూడదు. మురికి పట్టాక పారేసి కొత్తది వేయాలి.

మూడు, డబ్బా ఫిల్టరు. కాగితం ఫిల్టరునే రేకు డబ్బాలో పెట్టి మూసేస్తారు. డబ్బాకే మరలు ఉంటాయి. సీసా మూత తిప్పినట్టు డబ్బా మొత్తాన్ని తిప్పి ఇంజనుకు బిగిస్తారు. కొన్ని పెద్ద మోటారు సైకిళ్లకు, కార్లకు, ట్రాక్టర్లకు ఇది ఉంటుంది.

పాత రకం మోపెడ్లకు వేరే పద్ధతి. వాటిలో ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపి పోస్తారు. వాటికి ఈ ఆయిల్ ఫిల్టరు ఉండదు.

ఫిల్టరు నిండిపోతే ఏమవుతుంది? చాలా ఇంజన్లలో ఒక చిన్న పక్క దారి ఉంటుంది. కాగితం మూసుకుపోతే ఆయిల్ ఆ దారిన పోతుంది. ఇంజను ఎండిపోకుండా చేసిన ఏర్పాటు అది. కానీ ఆ దారిన పోయే ఆయిల్ వడగట్టినది కాదు. మురికి ఆయిలే ఇంజనంతా తిరుగుతుంది. అందుకే ఫిల్టరును వేళకు మార్చాలి.

ఎందుకు మొండికేస్తుంది?

ఫిల్టరు గానీ, దాని మూత బోల్టులు గానీ ఊడి రాకపోవడానికి నాలుగు కారణాలు ఉన్నాయి.

మొదటిది, ముందుసారి మరీ గట్టిగా బిగించడం. ఎక్కువసార్లు జరిగేది ఇదే.

రెండోది, రబ్బరు రింగు అతుక్కుపోవడం. ఆయిల్ కారకుండా మూత కింద ఒక రబ్బరు రింగు ఉంటుంది. ఇంజను వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, రబ్బరు గట్టిపడుతుంది. పొడి రింగు పెట్టి ఉంటే ఇంకా గట్టిగా అంటుకుంటుంది.

మూడోది, తుప్పు. వాన నీళ్లు, బురద బోల్టు సందుల్లోకి పోతాయి. బోల్టు పట్టేస్తుంది.

నాలుగోది, చాలా కాలం మార్చకుండా వదిలేయడం.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఇంజను పైగుల్ల అల్యూమినియంతో చేస్తారు. మన అన్నం గిన్నెల లోహమే. బోల్టు మాత్రం ఉక్కు. ఉక్కు గట్టిది, అల్యూమినియం మెత్తది. రెండూ పోట్లాడితే అల్యూమినియమే ఓడిపోతుంది. పైపు తగిలించి బలంగా తిప్పితే బోల్టుకు ఏమీ కాకపోవచ్చు. ఇంజనులోని మర అరిగిపోతుంది. ఇరవై రూపాయల బోల్టు పోతే కొత్తది కొనుక్కోవచ్చు. ఇంజను మర పోతే లేతు మిషను దగ్గరికి పోవాలి.

విప్పడానికి ముందు

బండిని చదును నేల మీద, సెంటర్ స్టాండు వేసి నిలబెట్టండి. ఆరుబయటే పని చేయండి. మూసి ఉన్న గదిలో ఇంజను నడిపితే పొగ ప్రాణం తీస్తుంది.

కొంగు నడుముకు దోపుకోండి. జడ ముడి వేసుకోండి. గాజులు పైకి తోసి గుడ్డ కట్టుకోండి. ఇంజను ఆడుతున్నప్పుడు చైను దగ్గరికీ, చక్రం దగ్గరికీ పోవద్దు. చిన్న పిల్లలను దూరంగా ఉంచండి.

ఫిల్టరు చుట్టూ ఉన్న మట్టిని గుడ్డతో తుడవండి. మట్టి లోపలికి పోతే కొత్త ఆయిల్ కూడా పాడవుతుంది.

ఇంజనును రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. ఊరగాయ సీసా ఇనప మూత బిగుసుకుపోతే ఏం చేస్తారు? మూత మీద వేడి నీళ్లు పోస్తారు. మూత కొంచెం సాగుతుంది, ఊడి వస్తుంది. ఇక్కడా అంతే. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువగా సాగుతుంది. బోల్టు పట్టు కాస్త సడలుతుంది. ఆయిల్ కూడా పలచబడి బాగా కారుతుంది.

ఇంజను గోరువెచ్చగా ఉంటే చాలు. దూరం నుంచి వచ్చిన వెంటనే విప్పకూడదు. ఆయిల్ మరిగి ఉంటుంది. చేతులు కాలుతాయి. సైలెన్సరు గొట్టం అన్నిటికంటే ఎక్కువ కాలుతుంది. దాన్ని తాకవద్దు.

తరువాత ఇంజను అడుగున ఒక పాత బేసిను పెట్టండి. అడుగు బోల్టు విప్పి ఆయిల్ అంతా కారనివ్వండి. ఆ తరువాతే ఫిల్టరు జోలికి పోవాలి.

ఎటు తిప్పాలి?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. విప్పుతున్నామనుకుని బిగిస్తారు. ఇంకా మొండికేసిందని ఇంకా బలంగా తిప్పుతారు.

గుర్తు సులువే. బోల్టు తల మీకు ఎదురుగా ఉందని అనుకోండి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుసుకుంటుంది. దానికి ఎదురు వైపు తిప్పితే ఊడుతుంది. సీసా మూత కూడా అంతే. బోల్టు ఇంజను అడుగున ఉంటే పైనుంచి చూసి తిప్పవద్దు. కిందికి వంగి, బోల్టు తలను చూస్తూ తిప్పండి.

మూత బోల్టులు ఊడకపోతే

బోల్టు తలకు సరిగ్గా సరిపోయే పానా తీసుకోండి. వదులు పానా పెడితే బోల్టు తల మూలలు అరిగిపోతాయి. ఆపైన ఏ పానా పట్టదు. నోరు తెరిచి ఉన్న పానా కన్నా రింగు పానా మేలు. అది బోల్టును ఆరు వైపులా పట్టుకుంటుంది.

తుప్పు పట్టి ఉంటే బోల్టు చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ రెండు చుక్కలు వేయండి. పావు గంట ఆగండి. ఆయిల్ సందుల్లోకి దిగుతుంది. బోల్టు తల మీద చిన్న సుత్తితో రెండు మూడు సార్లు మెల్లగా తట్టండి. ఆ అదురుకు తుప్పు పట్టు వదులుతుంది.

ఇప్పుడు పానా పెట్టి ముందు బిగించే వైపు రవ్వంత తిప్పండి. తరువాత విప్పే వైపు తిప్పండి. గుంజకుండా మెల్లగా బలం పెట్టండి. చాలాసార్లు టక్కుమని ఊడుతుంది.

కొన్ని మూతలకు స్క్రూలు ఉంటాయి. వాటికి స్క్రూడ్రైవరును గట్టిగా నొక్కి పట్టి తిప్పాలి. నొక్కకుండా తిప్పితే స్క్రూ గాడి చెడిపోతుంది.

బోల్టులు అన్నీ ఊడినా మూత రాకపోవచ్చు. రబ్బరు రింగు దాన్ని పట్టుకుని ఉంటుంది. అప్పుడు స్క్రూడ్రైవరు సందులో దూర్చి పెకలించవద్దు. గీత పడితే ఆ గీత వెంట ఆయిల్ కారుతుంది. చెక్క ముక్కతో మూత చుట్టూ తట్టండి. దానంతట అదే వదులుతుంది.

ఊడదీసిన ప్రతి వస్తువునూ ఒక శుభ్రమైన గుడ్డ మీద వరుసగా పెట్టండి. ముందు తీసింది ముందు, వెనక తీసింది వెనక. మళ్లీ పెట్టేటప్పుడు చివరినుంచి మొదటికి రావాలి. పాత ఫిల్టరు ఏ ముఖం లోపలికి ఉందో చూసుకోండి. కొత్తదాన్ని తిరగేసి పెడితే ఆయిల్ సరిగా అందదు.

డబ్బా ఫిల్టరు ఊడకపోతే

పాలక్క షెడ్డులో నేర్చుకుంటున్న రోజే ఒక పెద్ద బండి వచ్చింది. దానికి డబ్బా ఫిల్టరు. కుర్రాడు రెండు చేతులతో పట్టి తిప్పాడు. చెయ్యి జారింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ జారింది. చివరికి స్క్రూడ్రైవరు, సుత్తి తెచ్చాడు. డబ్బాకు బొక్క పొడిచి, స్క్రూడ్రైవరును పిడిలాగా పట్టుకుని తిప్పుదామని.

మేస్త్రి ఆపాడు. "అది పల్చటి రేకురా. చిరిగిపోద్ది. ఆ తరవాత దేన్ని పట్టుకుని తిప్పుతావు?"

ఆయన ఒక్కొక్క పద్ధతే చేసి చూపించాడు.

మొదట డబ్బా మీది జిడ్డును గుడ్డతో పూర్తిగా తుడిచాడు. చేతికి కూడా జిడ్డు లేకుండా చూసుకున్నాడు. సగం మొండితనం జిడ్డుదే.

తరువాత డబ్బా చుట్టూ గరుకు కాగితం చుట్టి, దాని మీద పట్టుకుని తిప్పాడు. గరుకు కాగితం లేకపోతే రబ్బరు గ్లవుజు వేసుకోవచ్చు. పాత ట్యూబు ముక్క కూడా పట్టు ఇస్తుంది.

అప్పటికీ రాకపోతే పట్టీ పానా వాడతారు. అది ఒక పిడి, ఒక బెల్టు. బెల్టును డబ్బా చుట్టూ వేసి పిడి తిప్పితే బెల్టు బిగుసుకుంటుంది. డబ్బా తిరుగుతుంది. బెల్టును డబ్బా అడుగు మీద వేయకూడదు. ఇంజనుకు దగ్గరగా వేయాలి. అక్కడ రేకు గట్టిగా ఉంటుంది, నొక్కుకుపోదు. డబ్బా అడుగు మీద టోపీలాగా కూర్చునే పానాలు కూడా షాపుల్లో దొరుకుతాయి. సైజు సరిగ్గా సరిపోవాలి.

ఆ రోజు పట్టీ పానాతో డబ్బా ఊడి వచ్చింది. బలం పెట్టింది కొంచెమే.

డబ్బా ఊడాక ఇంజను వైపు చూడాలి. పాత రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజనుకే అతుక్కుని మిగిలిపోతుంది. చూసుకోకుండా కొత్త డబ్బా బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇంజను స్టార్టు చేయగానే ఆయిల్ చిమ్ముతుంది.

బిగించేటప్పుడే జాగ్రత్త

బిగించిన రోజే ఫిల్టరు మొండిదవుతుంది. ఈ రోజు మనం ఎలా బిగిస్తే, మళ్లీసారి విప్పే చెయ్యి అంత సుఖపడుతుంది లేదా అంత కష్టపడుతుంది.

రబ్బరు రింగు కొత్తది వేయండి. దాని మీద వేలితో కొత్త ఇంజన్ ఆయిల్ పలచగా రాయండి. పూరీ పిండికి నూనె రాసినట్టు. ఆయిల్ రాసిన రింగు సరిగ్గా సర్దుకుని కూర్చుంటుంది. మళ్లీసారి అతుక్కోదు.

కాగితం ఫిల్టరు మూత అయితే, బోల్టులను ముందు వేళ్లతోనే తిప్పండి. రెండు మూడు చుట్లు వేళ్లతో సులువుగా పోవాలి. పోకపోతే బోల్టు వంకరగా పట్టిందని అర్థం. పానాతో నెట్టవద్దు. తీసి మళ్లీ పెట్టండి.

వేళ్లతో అన్నీ బిగిశాక పానా తీసుకోండి. ఒక బోల్టును పూర్తిగా బిగించి ఇంకోదానికి పోవద్దు. దీన్ని కొంచెం, ఎదురుదాన్ని కొంచెం. అలా తిప్పుకుంటూ పోతే మూత సమంగా కూర్చుంటుంది. పానాను చివర పట్టుకోవద్దు, మధ్యలో పట్టుకోండి. మణికట్టు బలం చాలు. భుజం బలం అక్కర్లేదు. పైపు అసలే వద్దు.

డబ్బా ఫిల్టరు అయితే చేత్తోనే బిగించాలి. ఎంత బిగించాలో ఫిల్టరు మీదో, అట్టపెట్టె మీదో రాసి ఉంటుంది.

ఆ రోజు షెడ్డులో కుర్రాడు కొత్త డబ్బాను కూడా పట్టీ పానాతో బిగించబోయాడు. పాలక్క అట్టపెట్టె చేతిలోకి తీసుకుంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. వాటి మధ్యలో అంకెలు ఉన్నాయి. ఆమె అంకెలను కూడబలుక్కుని చదివింది.

"మూడు, గీత, నాలుగు. అంటే ముప్పావు కదా బాబాయ్?"

"ముప్పావేనమ్మా. రబ్బరు రింగు ఇంజనుకు తగిలేదాకా వేళ్లతో తిప్పాలి. తగిలాక ఇంకో ముప్పావు చుట్టు. అంతే."

ముప్పావు చుట్టు ఎలా తెలుస్తుంది? డబ్బా అడుగు మీకు ఎదురుగా ఉందనుకోండి. రింగు తగిలిన చోట ఆపి, గడియారంలో 12 ఉండే చోట సుద్దముక్కతో గీత పెట్టండి. గీత 3 దాటి, 6 దాటి, 9 దగ్గరికి వచ్చేదాకా తిప్పండి. అదే ముప్పావు. కొన్ని ఫిల్టర్ల మీద వేరే అంకె ఉంటుంది. దేని మీద ఏముంటే దాని ప్రకారమే బిగించాలి.

కుర్రాడు పట్టీ పానా పక్కన పెట్టాడు. అన్నేళ్లుగా అట్టపెట్టెలు చించి పారేస్తున్నాడు గానీ వాటి మీద ఏముందో ఎన్నడూ చూడలేదు.

ఆయిల్ పోయడం, సరిచూడడం

అడుగు బోల్టును మళ్లీ బిగించండి. దాని వాషరు నలిగి ఉంటే కొత్తది వేయండి. తరువాత ఆయిల్ పోయండి. ఎంత పోయాలో బండి పుస్తకంలో ఉంటుంది. చిన్న బళ్లకు సుమారు ఒక లీటరు పడుతుంది. పెద్ద బళ్లకు రెండు లీటర్లు దాటవచ్చు.

ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యు-30 అనో, 20డబ్ల్యు-40 అనో ఉంటుంది. అది ఆయిల్ చిక్కదనం చెప్పే గుర్తు. మీ బండి పుస్తకంలో ఏ గుర్తు ఉందో అదే కొనండి. మోటారు సైకిళ్లు చాలావాటిలో క్లచ్చు కూడా ఈ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ పోస్తే క్లచ్చు జారవచ్చు. అందుకే మోటారు సైకిలు ఆయిలే అడగండి.

ఇంజను స్టార్టు చేయండి. రేజు చేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఆడనివ్వండి. ఫిల్టరు చుట్టూ, అడుగు బోల్టు చుట్టూ చూడండి. చెమ్మ కనపడుతోందా? కనపడితే వెంటనే ఆపండి. బలంగా బిగించేయడం మందు కాదు. విప్పి, రింగు సరిగా కూర్చుందో లేదో చూడండి.

చెమ్మ లేకపోతే ఇంజను ఆపి కొన్ని నిమిషాలు ఆగండి. ఆయిల్ కొలిచే పుల్లను తీసి తుడిచి, పుస్తకంలో చెప్పినట్టు పెట్టి చూడండి. పుల్ల మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిల్ రెండింటి మధ్య ఉండాలి. కింది గీతకు దిగితే పోయాలి. పై గీత దాటినా మంచిది కాదు. కొన్ని బళ్లకు పుల్ల బదులు చిన్న అద్దం కిటికీ ఉంటుంది.

మరునాడు పొద్దున బండి కింద నేల చూడండి. మరక లేకపోతే పని సరిగా జరిగినట్టే.

పాత ఆయిల్ ఏం చేయాలి?

నల్ల ఆయిల్‌ను కాలవలో పోయకండి. నేల మీద పారబోయకండి. అది మట్టిలోకి ఇంకి నీళ్లను పాడు చేస్తుంది. పశువుల పుండ్లకు పూయకండి. పొయ్యిలో వేసి కాల్చకండి. 2016 నాటి ప్రభుత్వ నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకరమైన వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో పట్టి షెడ్డులో ఇవ్వండి. అక్కడినుంచి దాన్ని మళ్లీ శుద్ధి చేసేవారికి చేర్చవచ్చు.

ఆ ఆయిల్ చర్మానికి కూడా మంచిది కాదు. ఏళ్ల తరబడి చర్మానికి అంటుతూ ఉంటే చర్మ క్యాన్సరు రావచ్చు. చేతులకు గ్లవుజులు వేసుకోండి. పని అయ్యాక సబ్బుతో బాగా కడుక్కోండి. చేతులు కడుక్కోకుండా పిల్లలను ఎత్తుకోవద్దు. అన్నం ముట్టవద్దు.

ఇది ఎవరి పని?

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. దానిలో భాగంగా వేలాది మంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. ఆడవాళ్లు సైకిలు తొక్కడమేమిటని మొదట నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఆగలేదు. సైకిలు మీద పనికి పోయారు, నీళ్లు తెచ్చుకున్నారు, చదువు చెప్పడానికి పొరుగు ఊళ్లకు పోయారు. బండి వచ్చాక ఎవరి కోసమూ ఎదురు చూడనక్కర్లేకపోయింది.

బండి నడపడం ఒక మెట్టు. బండిని చూసుకోవడం తరువాతి మెట్టు. అన్ని పనులూ ఇంట్లోనే చేసుకోవాలని కాదు. ఇంజను విప్పే పని మేస్త్రిదే. బోల్టు మర పోయినా, తల విరిగినా షెడ్డుకే పోవాలి. కానీ షెడ్డులో వేరేవాళ్లు బిగిస్తున్నప్పుడు కూడా పక్కన నిలబడి చూడవచ్చు. "పైపు పెట్టొద్దు తమ్ముడూ, చేత్తో బిగించు" అని చెప్పవచ్చు. తెలిసినవాళ్ల మాటకు విలువ ఉంటుంది.

పాలక్క ఇప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుంది. మొన్న ఆయిల్ మార్చిన రోజు అందులో తారీకు రాసింది. మీటరు మీది అంకె చూసి 12,400 అని రాసింది. ఆమె బండికి 3,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చమని మేస్త్రి చెప్పాడు. కింద ఆ అంకె వేసి కూడింది. మళ్లీ ఎప్పుడు మార్చాలో ఆమెకు తెలిసింది.

ఈసారి పండక్కి మరిది వచ్చాడు. "వదినా, ఫిల్టరు నేను విప్పనా? బలం కావాలిగా" అన్నాడు.

"బలం అక్కర్లేదయ్యా. ముందు బండిని రెండు నిమిషాలు నడిపి వెచ్చబెట్టు. ఎట్లా విప్పాలో నేను చెప్తా" అంది పాలక్క.

చదివి జవాబులు చెప్పండి

1. పాలక్క బండిలో ఆయిల్ ఎందుకు కారిపోయింది?
2. విప్పే ముందు ఇంజనును వెచ్చబెట్టాలి. ఎందుకు?
3. కొత్త రబ్బరు రింగుకు ఏమి రాయాలి? దాని వల్ల లాభం ఏమిటి?
4. పాలక్క మీటరు 12,400 దగ్గర ఆయిల్ మార్చింది. మళ్లీ ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చాలి? లెక్క వేయండి.
5. మీ ఇంట్లో, లేదా పక్కింట్లో ఉన్న బండి పుస్తకం తెరవండి. ఆయిల్ ఎంత పోయాలో, ఏ గుర్తు ఆయిల్ పోయాలో వెతికి మీ నోటు పుస్తకంలో రాయండి.